యు-గొట్టంలో 27 పోస్తే 19 ఎందుకు తేలింది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే అందులో రెండు సందేహాలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. అంతటా ఒకే లావున్న యు-గొట్టం. ఒక భుజం పైన మూసి ఉంది, రెండోది తెరిచి ఉంది. అడుగున పాదరసం రెండు వైపులా ఒకే మట్టంలో నిలిచి ఉంది. మూసిన భుజంలో 20 సెం.మీ. పొడవున గాలి చిక్కుకుంది. బయట వాతావరణ పీడనం 76 సెం.మీ. పాదరసం, అంటే అంత ఎత్తు పాదరస స్తంభం వేసే ఒత్తిడి. ఇప్పుడు తెరిచిన వైపు నుంచి మరికొంత పాదరసం పోశారు. అది గొట్టంలో 27 సెం.మీ. పొడవు నింపుతుంది. మట్టాల తేడా 27 రావాలి కదా అని మీరు అంటున్నారు, జవాబుల పేజీ 19 అంటోంది. అది ఎలా వచ్చిందో చూద్దామని మీరు మూసిన భుజంలో గాలి మధ్యన ఒక బిందువు, అదే ఎత్తులో తెరిచిన భుజంలోని పాదరసంలో ఒక బిందువు తీసుకుని "ఒకే మట్టంలో పీడనం సమానం" అని రాశారు. అక్కడ లెక్క అడ్డం తిరిగింది.

జవాబు 19 సరైనదే. కానీ దానికంటే ముందు ఆ సమానం సంగతి తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే జారుతారు.

ఆ వాక్యాన్ని అందరం మంత్రంలా బట్టీపడతాం, దానికున్న షరతును మాత్రం వదిలేస్తాం. షరతు ఇది: ఒక బిందువు నుంచి రెండోదాని దాకా, అదే ద్రవంలోంచి ఎక్కడా బయటికి రాకుండా, వేలితో దారి గీయగలగాలి. ఆ ద్రవం కదలకుండా ఉండాలి. దారిలో కిందికి దిగుతున్నకొద్దీ పీడనం పెరుగుతుంది, పైకి ఎక్కుతున్నకొద్దీ తగ్గుతుంది. ఒకే ద్రవంలో దిగినంత ఎత్తూ తిరిగి ఎక్కితే పెరిగింది, తగ్గింది చెల్లుకు చెల్లు. దారి మధ్యలో ద్రవం మారిందా, దిగేటప్పుడు ఒక సాంద్రత, ఎక్కేటప్పుడు ఇంకొకటి. అప్పుడు చెల్లు కాదు.

చిన్న ఉదాహరణ చూడండి. రెండు వైపులా తెరిచిన గొట్టంలో నీళ్ళు పోసి, ఒక భుజంలో మాత్రం పైన 10 సెం.మీ. నూనె పోశాం. నూనె సాంద్రత నీటిలో 0.8 వంతు అనుకుందాం. నూనె, నీళ్ళు కలిసే గీత దగ్గర అవతలి భుజంతో సమానం చేయొచ్చు, ఎందుకంటే ఆ గీత కిందంతా నీళ్ళే. కాబట్టి అవతల ఆ గీతకు పైన 8 సెం.మీ. నీళ్ళు నిలబడతాయి. ఇప్పుడు గీతకు 4 సెం.మీ. పైన చూడండి. నూనె వైపు ఆ బిందువు మీద ఇంకా 6 సెం.మీ. నూనె ఉంది, అంటే 4.8 సెం.మీ. నీళ్ళతో సమానం. నీళ్ళ వైపు 4 సెం.మీ. మాత్రమే ఉంది. ఒకే మట్టం, రెండు వేర్వేరు పీడనాలు. తప్పేమీ లేదు, ఆ రెండు బిందువుల మధ్య దారి నూనెలోంచి నీళ్ళలోకి వెళ్తోంది.

మీరు తీసుకున్న బిందువుల కథ కూడా ఇదే. గాలిలోంచి పాదరసంలోకి దాటారు. గీత గీయాల్సిన చోటు ఒక్కటే: రెండు పాదరస మట్టాల్లో ఏది కింద ఉందో ఆ మట్టం. మీ గొట్టంలో అది మూసిన భుజంలోది. అక్కడ పాదరసాన్ని నొక్కుతున్నది చిక్కుకున్న గాలి. అదే ఎత్తులో తెరిచిన భుజంలో నొక్కుతున్నది పైన నిలిచిన పాదరస స్తంభం, దాని పైన వాతావరణం. కనుక లోపలి గాలి పీడనం అంటే 76కి మట్టాల తేడా కలిపినంత. ద్రవం మనకు చెప్పేది అంతే, ఇంకో ముక్క ఎక్కువ చెప్పదు.

అయితే లోపలి గాలి పీడనం ఆ భుజంలో పైనుంచి కిందిదాకా ఒకటేనా అని మీరే కింద ఇంకో వాక్యం రాశారు. మంచి సందేహం. ఖచ్చితంగా చెప్పాలంటే ఒకటి కాదు, గాలికీ బరువుంది. కానీ ఎంత? మామూలు గాలి ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోలు, పాదరసం 13,600 కిలోలు. 20 సెం.మీ. గాలి స్తంభం వల్ల పైకీ కిందికీ తేడా 2.4 పాస్కల్స్ (పాస్కల్ అంటే పీడనానికి ప్రమాణం) దాకా వస్తుంది. అదే ఎత్తు పాదరసం అయితే 26,700 పాస్కల్స్ దగ్గర. పదివేల రెట్లకు పైగా తేడా ఉన్నప్పుడు గాలి బరువును లెక్కలోకి తేవడం అంటే లారీని తూచేటప్పుడు మీద వాలిన పిచ్చుకను దింపడం లాంటిది. అలాగని గాలి బరువు ఎప్పుడూ వదిలేయదగ్గదే అనుకోకండి. పొడవాటి పొగగొట్టం పొగను లాగేది సరిగ్గా ఈ చిన్న తేడాతోనే. లోపలి వేడి వాయువు బయటి గాలికంటే ఘనపు మీటరుకు అరకిలో తేలిక అనుకుంటే, 30 మీటర్ల పొగగొట్టానికి 150 పాస్కల్స్ వస్తాయి. నీటి మానోమీటర్‌లో, అంటే నీళ్ళు పోసి పీడనం కొలిచే ఇలాంటి గొట్టంలో, అది 15 మిల్లీమీటర్లు. అంత చిన్న తేడా చదవడానికే గొట్టాన్ని ఏటవాలుగా పడుకోబెట్టి వాడతారు. మట్టం నిలువునా ఒక మిల్లీమీటరు ఎక్కాలంటే ఏటవాలు గొట్టం వెంబడి చాలా దూరం జరగాలి, అందువల్ల చదవడం సులువు.

ఇక 27 సంగతికి వద్దాం. మీరు పోసిన పాదరసం తెరిచిన భుజంలోనే కూర్చోదు. కొంత అడుగునుంచి మూసిన భుజంలోకి వెళ్తుంది. అక్కడ పాదరసం క సెం.మీ. ఎక్కిందనుకుందాం. మొత్తం పోసింది 27 కాబట్టి తెరిచిన భుజంలో ఎక్కింది 27 − క. రెండు మట్టాల తేడా అంటే ఈ రెంటి తేడా: 27 − 2క. ఈ "2" చాలామంది చేతుల్లో జారిపోతుంది. 27 − క అని రాసేస్తారు. మూసిన వైపు ఒక సెంటీమీటరు ఎక్కితే తేడా రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది: తెరిచిన వైపు ఒకటి తక్కువ ఎక్కింది, మూసిన వైపు ఒకటి ఎక్కువ ఎక్కింది.

గాలి వైపు చూస్తే, దాని పొడవు 20 నుంచి 20 − క కి తగ్గింది. ఉష్ణోగ్రత మారలేదు, గాలి ఎక్కడికీ పోలేదు, కనుక బాయిల్ నియమం: పీడనం, ఘనపరిమాణాల లబ్ధం మారదు. గొట్టం ఒకే లావు కాబట్టి ఘనపరిమాణం బదులు పొడవు రాసుకోవచ్చు. మొదట 76 × 20 = 1520. తర్వాత పీడనం 76 + 27 − 2క, అంటే 103 − 2క. కాబట్టి

(103 − 2క)(20 − క) = 1520

విప్పి సర్దితే 2క² − 143క + 540 = 0. సూత్రంలో వర్గమూలం కింద వచ్చే సంఖ్య 16,129, దాని వర్గమూలం సరిగ్గా 127. కనుక క = 4 లేదా 67.5. చిక్కుకున్న గాలే 20 సెం.మీ. ఉంటే అందులోకి పాదరసం 67.5 ఎక్కడం కుదరదు, దాన్ని కొట్టేయండి. క = 4. తేడా 27 − 8 = 19. లోపలి పీడనం 76 + 19 = 95. సరిచూసుకోండి: 95 × 16 = 1520.

ఇక్కడ ఇంకో పొరపాటు కాచుకుని ఉంటుంది. కొందరు 76ను వదిలేసి, మట్టాల తేడానే పీడనంగా బాయిల్ నియమంలో పెడతారు. మొదట్లో మట్టాల తేడా సున్నా. సున్నాను 20తో గుణిస్తే సున్నా. అంటే ఎంత నొక్కినా పీడనం సున్నాయే అని తేలుతుంది! తప్పు ఇంత పచ్చిగా బయటపడటం ఒక రకంగా అదృష్టమే. బాయిల్ నియమానికి కావాల్సింది శూన్యం నుంచి కొలిచిన పూర్తి పీడనం. మనం రోజూ వినేవి చాలావరకు వాతావరణం పైన ఎంత ఎక్కువో చెప్పే అంకెలు. గాలి దిగిపోయిన టైరుకు గేజ్ సున్నా చూపిస్తుంది, అంతమాత్రాన లోపల శూన్యం లేదు కదా. బీపీ 120 అన్నా అంతే: వాతావరణపు 760 మిల్లీమీటర్ల పాదరసం పైన ఇంకో 120.

మీరు రాసిన ఇంకో మాట నాకు నచ్చింది. "నీళ్ళు పోసి చేసి చూశాను, తేడా దాదాపు పోసినంతా వచ్చింది, 19 లాంటిదేమీ కనపడలేదు" అన్నారు. మీరు చూసింది నిజమే. అదే లెక్క నీళ్ళతో వేయండి. వాతావరణ పీడనం నీటి లెక్కలో సుమారు 1033 సెం.మీ. అప్పుడు (1060 − 2క)(20 − క) = 20,660. క విలువ అర సెంటీమీటరు కూడా రాదు, తేడా 26కు కాస్త పైన. అదే గొట్టం, అదే గాలి. కానీ 27 సెం.మీ. నీళ్ళు వేసే ఒత్తిడి వాతావరణంతో పోలిస్తే దాదాపు నలభయ్యో వంతే. గాలి ఆ కొద్దిపాటి ఒత్తిడికి కొద్దిగానే నలుగుతుంది. పాదరసం 27 సెం.మీ. అంటే వాతావరణంలో మూడో వంతు పైమాట, అందుకే నలగడం కంటికి కనపడింది.

చిక్కుకున్న గాలిని స్ప్రింగులా ఊహించుకోవడం నాకు ఎప్పుడూ పనికొచ్చింది. గాలి పొడవు తక్కువైతే గట్టి స్ప్రింగు, ఎక్కువైతే మెత్తటిది. పాదరసం 27నే పోసి గాలి పొడవు మాత్రం మార్చి చూడండి. 2 సెం.మీ. గాలి ఉంటే తేడా 26 దగ్గర ఆగుతుంది, అంటే మూసిన వైపు దాదాపు గోడ. 20 ఉంటే 19. రెండు మీటర్ల గాలి ఉంటే తేడా నాలుగున్నర మాత్రమే, మూసిన భుజం దాదాపు తెరిచిన దానిలాగే ప్రవర్తిస్తుంది. జవాబు ఎప్పుడూ సున్నాకీ 27కీ మధ్యే ఉండాలి. మీ లెక్కలో 27 కంటే ఎక్కువ వస్తే గుణకారం సరిచూసే ముందు గుర్తులు సరిచూడండి.

గొట్టం లావు సంగతి అడిగారు. "లావుతో పనిలేదు" అని పుస్తకం అంటే అది సగం నిజం. ద్రవం వైపు నిజం: లోపలి గాలి పీడనం తెలిస్తే మట్టాల తేడా దాన్నిబట్టే ఉంటుంది, భుజం వేలంత లావున్నా బిందెంత ఉన్నా. కానీ పోసిన ద్రవం ఎటు ఎంత వెళ్ళిందన్నది లావు మీదే ఆధారపడుతుంది. తెరిచిన భుజం వైశాల్యం రెట్టింపు అయితే మూసిన వైపు ఒక సెంటీమీటరు ఎక్కడానికి తెరిచిన వైపు అర సెంటీమీటరు దిగితే చాలు. అప్పుడు 27 − 2క రాయలేరు, ద్రవం ఘనపరిమాణాన్ని కూడి తీయాలి. లావులు వేరైన లెక్క వస్తే ముందు ఈ పద్దు రాయండి, మిగతా రెండూ (మట్టాల తేడాతో పీడనం, బాయిల్ నియమం) మామూలే. పరిశ్రమల్లో ఒక వైపు వెడల్పాటి తొట్టె, ఇంకో వైపు సన్నటి గొట్టం ఉన్న మానోమీటర్లు వాడేది ఈ లాభం కోసమే: తొట్టెలో మట్టం కదిలేది చాలా తక్కువ కనుక ఒక్క గొట్టం చదివితే సరిపోతుంది.

సన్న గొట్టం అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. లోపలి వ్యాసార్ధం ఒక మిల్లీమీటరు ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో నీళ్ళు తలతన్యత (ద్రవం పైపొర బిగుతు) వల్లే దాదాపు 15 మిల్లీమీటర్లు పైకి ఎక్కుతాయి. రెండు భుజాలూ ఒకే లావైతే ఇది రెండు వైపులా ఒకలాగే ఉండి రద్దయిపోతుంది. ఒకటి సన్నం, ఒకటి లావు అయితే అసలు పీడనం తేడా లేకపోయినా తేడా కనపడుతుంది. పాదరసం దీనికి తలకిందులు, సన్న గొట్టంలో కిందికి దిగుతుంది. చదివేటప్పుడు నీటికి వంపు అడుగు, పాదరసానికి వంపు శిఖరం చూడాలి, కన్ను ఆ మట్టంలోనే ఉండాలి.

నీళ్ళతో చేసే ప్రయోగంలో ఇంకో దొంగ దాక్కుని ఉంటుంది: ఆవిరి. నీటి మీద చిక్కుకున్న గాలి ఉత్త గాలి కాదు. 20 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 17.5 మిల్లీమీటర్ల పాదరసం, నీటి లెక్కలో 24 సెం.మీ. దాకా. గాలిని నొక్కితే గాలి వంతు పీడనం పెరుగుతుంది, ఆవిరి వంతు పెరగదు. ఎక్కువైన ఆవిరి తిరిగి నీరైపోతుంది. అందుకని బాయిల్ నియమం గాలి వంతుకే వర్తిస్తుంది, మొత్తానికి కాదు. పరీక్షల్లో "సంతృప్త బాష్ప పీడనం ఇంత" అని ఒక అంకె ఇచ్చారంటే దాన్ని ముందు మొత్తంలోంచి తీసేయమని అర్థం. పాదరసంతో ఈ బాధ లేదు, గది వేడిలో దాని ఆవిరి పీడనం లెక్కకు రానంత తక్కువ. ఊపిరితిత్తులకు మాత్రం అది తక్కువ కాదు. పాదరసం ఒలికిన గది ప్రమాదకరం, కాబట్టి మీరు దాన్ని కాగితం మీదే పోయండి.

ఉష్ణోగ్రత గురించి కూడా ఒక మాట. మూసిన భుజాన్ని చేత్తో పట్టుకుంటే మట్టం కదిలిందని చాలామంది కంగారుపడతారు. నీళ్ళ బదులు ఆవిరి పెద్దగా లేని తేలిక నూనె ఉందనుకుని లెక్కేస్తే, 20 సెం.మీ. గాలి 20 నుంచి 25 డిగ్రీలకు వేడెక్కితే మట్టం మూడు మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది. నీళ్ళే ఉంటే ఆవిరి కూడా పెరిగి, కాసేపటికి అందులో సగం దాకా అదనంగా దిగుతుంది. నూనె గొట్టంలో గాలి వేడెక్కి చాలావరకు వ్యాకోచించింది, పీడనం పెరిగింది కొంచెమే. గాలిని ఒక్కసారిగా నొక్కినా వేడెక్కుతుంది. అందుకే పోసేటప్పుడు నెమ్మదిగా పోసి, కాస్త ఆగి చదవాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నీటి మానోమీటర్‌ను ఒక గాలి లైనుకు తగిలించాను. లైనులో ఒత్తిడి తక్కువే ఉంటుందని ఎవరో చెప్పారు, నేను అడిగి నిర్ధారించుకోలేదు. వాల్వు తిప్పగానే రంగునీళ్ళన్నీ పైకప్పును తాకాయి. తర్వాత కూర్చుని లెక్కేసుకున్నాను: వాతావరణం పైన ఇంకో వాతావరణమంత ఒత్తిడి ఉంటే దాన్ని ఆపడానికి పది మీటర్ల పైచిలుకు నీళ్ళు కావాలి. నా గొట్టం ఒక మీటరు. అదే పాదరసమైతే 76 సెం.మీ.తో సరిపోయేది. ఏ ద్రవం పోయాలో ముందు ఎత్తు లెక్కేసుకుని తేల్చుకోవాలని ఆరోజే తెలిసింది, చొక్కా మాత్రం పోయింది.

మీరు చేసిన లెక్కకు పాత చరిత్ర ఉంది. రాబర్ట్ బాయిల్ తన నియమాన్ని 1662లో ప్రచురించింది ఇలాంటి వంచిన గాజు గొట్టంతోనే. పొట్టి భుజం మూసి, పొడవాటి భుజం తెరిచి ఉంచాడు. పొడవు భుజం గదిలో పట్టక మెట్ల దగ్గర పెట్టి చేశాడు. చిక్కుకున్న గాలి 12 అంగుళాల నుంచి 6 అంగుళాలకు తగ్గినప్పుడు మట్టాల తేడా 29 అంగుళాలు దాటింది. ఆరోజు వాతావరణ పీడనమూ 29 అంగుళాల పాదరసం పైచిలుకే. ఒత్తిడి రెట్టింపు, గాలి సగం. మన లెక్క ప్రకారం రెండు భుజాలూ ఒకే లావు అనుకుంటే, ఆ 29 చిల్లర తేడా రావడానికి అతను పోయాల్సింది దానికి ఇంకో 12 కలిపి, అంటే 41 అంగుళాల పైన. గాలి తగ్గిన 6 అంగుళాలూ రెండు సార్లు లెక్కలోకి వస్తాయి. మీ 27కీ 19కీ మధ్య ఉన్న 8 కూడా అదే.

లెక్క పట్టుబడిందో లేదో చూసుకోవడానికి ఒకటి ఇస్తాను. మొదటి స్థితికే వెళ్ళండి: 20 సెం.మీ. గాలి, మట్టాలు సమానం, బయట 76. ఈసారి అడుగున కుళాయి తిప్పి 25.2 సెం.మీ. పొడవు పాదరసం బయటికి తీసేశారు. భుజాల్లో పాదరసం అందుకు సరిపడా ఉందనుకోండి. ఇప్పుడు తెరిచిన వైపు మట్టం కిందికి పోతుంది, కాబట్టి గీత గీయాల్సింది అక్కడ. లోపలి గాలి పీడనం 76 కంటే తక్కువ. మూసిన భుజంలో పాదరసం సరిగ్గా 5 సెం.మీ. దిగాలి, లోపలి పీడనం 60.8 రావాలి. రాకపోతే మీరు వేసిన సమీకరణం ఇక్కడే రాయండి, గుర్తు ఎక్కడ తిరగబడిందో చూద్దాం.